బండిని మోయు గాలి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు వాహనముల కుదుపులనుగూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. పురాణ ప్రవచనమో, కవితా గోష్ఠియో ఇట్టి సభలకు అలవాటు. కాని షాబాద్ మండలములోని సీతారాంపూర్ గ్రామమున విద్యుత్తుతో నడచు బస్సుల కర్మాగారము కొరకు ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ సంస్థకు 150 ఎకరముల భూమి కేటాయింపబడినది. ఆ సంస్థ బస్సులు 40 హైదరాబాదు వీథులలో 2019వ సంవత్సరముననే తిరుగ నారంభించినవి. పజ్జొన్న, కంది, కూరగాయలు పండిన నేల ప్రక్కనే యంత్రవిద్య వచ్చి కూర్చున్నప్పుడు, ఆ విద్య యెట్టిదో గ్రామస్థులు విచారించుట ఉచితమే కాదు, అవసరము కూడ.

నేటి విషయ మొక్కటియే. చక్రమునకు తగిలిన దెబ్బ మనిషికి తగులకుండ, నడుమ నిలిచి దానిని దాచుకొని మరల అప్పగించు పాత్ర యొకటి కలదు. ఆంగ్లమున దానిని హైడ్రాలిక్ అక్యుమ్యులేటరు అందురు. తెలుగున ద్రవశక్తి సంచయపాత్ర యనవచ్చును. సౌలభ్యము కొరకు సంచయపాత్ర యని పిలుతము. ఆ పాత్ర పనిచేయు విధమెట్టిది? అది తేలికగా నుండవలెనని నిపుణులేల శ్రమించుచున్నారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ ప్రసంగము.

ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచెడి దనియు, ద్రోణవధ సమయమున నాడిన అర్ధసత్యము వలన అది నేలకు దిగె ననియు మహాభారత కథ. కుదుపు లేని ప్రయాణము అంతటి ధర్మాత్మునకే దక్కు భాగ్యమని పూర్వులు తలచిరి కాబోలు. తక్కిన వారి రథములన్నియు రాళ్లపై ఎగిరిపడినవే. పల్లెలోని ఎడ్లబండికిని అదే గతి. ఆకులు కుండలో బిగిసియుండును; కుండ ఇరుసుపై తిరుగును; ఇరుసుపై బండి నేరుగా కూర్చుండును. చక్రము గుంటలో బడినచో ఆ దెబ్బ ఇరుసునకు, ఇరుసు నుండి పలకకు, పలక నుండి మనిషి వెన్నెముకకు తిన్నగా చేరును. కచ్చురములో వరిగడ్డి దట్టముగా పరచి, పైన బొంత వేసి, నిండు గర్భిణిని కూర్చుండబెట్టిన పెద్దలు కుదుపునకు చికిత్స తెలిసినవారే. నొక్కినచో అణగి, వదలినచో లేచు వస్తువు నొకదానిని నడుమ నుంచవలెనని వారు గ్రహించిరి. ఈ విద్యకంతకు మూలసూత్రము అదియే.

గడ్డి తరువాత వచ్చినవి ఉక్కు పట్టీలు. లారీ క్రింద, ట్రాక్టరు ట్రాలీ క్రింద, పాతకాలపు బస్సు క్రింద కనబడు కమాన్ కట్టలు ఇవియే. ఇవి బలమైనవి, చౌకయైనవి, పల్లె మెకానిక్కు చేతికి లొంగునవి. అయితే వీనియందొక లోపము కలదు. నిండు బరువునకు తగినట్లు కట్టిన కమాను ఖాళీ బండికి మిక్కిలి బిరుసగును. ఖాళీ లారీ గుంటలో ఎట్లు ఎగిరిపడునో, అదే లారీ ఇసుక నింపుకొని ఎంత నెమ్మదిగా ఊగునో చూడనివా రుండరు. కమాను ఒక్క బరువునకే న్యాయము చేయగలదు. బస్సు బరువు మాత్రము ప్రతి స్టేజీవద్దను మారుచునే యుండును.

ఇక సంచయపాత్ర విషయము. దీనిని చూచుటకు ఏ నగరమునకును పోనక్కరలేదు. టమాటా తోటలో మందు కొట్టు రైతు వీపున నుండు చేతి స్ప్రేయరును గమనించుడు. రైతు మీటను ఆగియాగి ఆడించును. కాని మందు ఆగియాగి రాదు, ఏకధారగా వచ్చును. లోపలి చిన్న గదిలో గాలి చిక్కుకొనియుండుటయే దీనికి కారణము. మీట నొక్కినప్పుడు మందు ఆ గదిలోనికి చొచ్చి గాలిని నలుపును; మీట ఆగినప్పుడు నలిగిన గాలి విప్పారి మందును బయటకు నెట్టును. అధికముగా నున్నప్పుడు జమకట్టుకొని, తక్కువైనప్పుడు ఖర్చు వ్రాయు ఖాతావంటిదది. కోతలనాడు గుమ్మి నింపుకొని ఎండకాలమున గింజలు తీసికొను గృహస్థు ధర్మమే ఆ చిన్న గది ధర్మము కూడ. బండలు పగులగొట్టు బ్రేకరు యంత్రములోను ఇట్లే నలిగిన వాయువు గల గది యొకటి యుండి, దెబ్బకు ఊపు నిచ్చును.

వాహనమున దీనిని అమర్చు విధమిది. చక్రపు చేతికి ఒక పిస్టను కట్టుదురు. పిస్టను పైన నూనె యుండును. నూనె గొట్టము గుండా సంచయపాత్రను చేరును. పాత్రలో రబ్బరు పొర యొకటి అడ్డముగా నుండును. పొర కీవల నూనె, ఆవల నైట్రోజను వాయువు. నూనెను నలుపుట దాదాపు అసాధ్యము; వాయువును నలుపుట సులభము. చక్రము రాతిపై కెక్కినచో నూనె పాత్రలోనికి పోయి వాయువును నలుపును. చక్రము దిగినచో వాయువు నూనెను వెనుకకు నెట్టును. బండి బరువును నిజముగా మోయునది ఉక్కు కాదు, బంధింపబడిన వాయువు. మామూలు గాలిని వాడక నైట్రోజనునే నింపుటకు కారణము కలదు. గాలిలోని ఆక్సిజను, మిక్కిలి ఒత్తిడిలో వేడెక్కిన నూనెతో కలిసినచో మంటగాని ప్రేలుడుగాని కలుగవచ్చును. నైట్రోజను ఆ కలహమున పాల్గొనదు.

వాయువు గొప్పతనము లెక్కవలన తేటపడును. ఒక కారు బరువు 2000 కిలోలనుకొందము. ఒక్కొక్క చక్రముపై 500 కిలోలు పడును. పిస్టను వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లయినచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు 50 కిలోల ఒత్తిడి యుండవలెను. పాత్రలో వాయువు 400 ఘనపు సెంటీమీటర్లున్నదనుకొందము. చక్రము 5 సెంటీమీటర్లు లేచినచో 50 ఘనపు సెంటీమీటర్ల నూనె పాత్రలో చేరి, వాయువు 350కి తగ్గును. ఒత్తిడిని పరిమాణముచే గుణించిన లబ్ధము మారదని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రము ననుసరించి, ఒత్తిడి సుమారు 57 అగును. చక్రమును క్రిందికి నెట్టు బలము 571 కిలోలగును. అనగా పెరిగినది 71 కిలోలే. అదే చక్రము 15 నుండి 20 సెంటీమీటర్లకు లేచినప్పుడు బలము 800 నుండి 1000 కిలోలకు పెరుగును. మొదటి 5 సెంటీమీటర్లకు 71, చివరి 5 సెంటీమీటర్లకు 200! చిన్న రాతికి మెత్తగాను, పెద్ద గుంటకు గట్టిగాను నిలుచుట వాయువు స్వభావము. దెబ్బ అతివేగముగా తగిలినప్పుడు వాయువు వేడెక్కి ఒత్తిడి ఇంకను హెచ్చును. ఈ లెక్క దారి చూపుటకు మాత్రమే.

దాచుకొనుట యొక్కటే చాలదు. దాచినదంతయు వెంటనే తిరిగి ఇచ్చినచో బండి ఊయలవలె ఊగుచునే యుండును. కనుక నూనె పోవు దారిలో సన్నని రంధ్రము లుంచుదురు. వానిగుండా దూరునప్పుడు నూనె రాపిడి వలన వేడెక్కి కొంతశక్తి ఖర్చగును. మోటారు సైకిలు షాకబ్జర్లు చేయు పని యిదియే. పాత్ర జమ చేయును. రంధ్రము ఖర్చు వ్రాయును. రెండును సరిగా నున్ననే లెక్క తీరును. ప్రయాణికులు హెచ్చి బండి క్రుంగినచో పంపు మరికొంత నూనె పంపి మరల మొదటి ఎత్తునకు లేపును. కమానుకు లేని గుణమిది.

ఈ విద్య చరిత్ర స్వల్పముగా తెలియదగినది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ రేవుల యందలి క్రేనులు నడుపుటకు పెద్ద బరువును నీటిచే పైకెత్తి నిలిపి, అది దిగునప్పటి ఒత్తిడిని వాడుకొనెను. వాహనములకు దీనిని తెచ్చిన కీర్తి ఫ్రాన్సుదేశపు సిట్రోయెన్ సంస్థలో పనిచేసిన పాల్ మజెస్‌ది. 1954లో ఒక కారు వెనుక చక్రములకును, 1955లో డి.ఎస్. అను కారు నాలుగు చక్రములకును నైట్రోజను నింపిన ఉక్కు గోళముల నమర్చిరి. 1962 ఆగస్టు 22న ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ ప్రయాణించుచున్న డి.ఎస్. కారుపై హంతకులు గుండ్ల వర్షము కురిపించిరి. టైర్లు చిల్లులు పడినను కారు అదుపు తప్పక వేగముగా సాగిపోయెను. ఆయన ప్రాణములతో బయటపడెను. ఇట్టి గోళములు గల కార్లను ఆ సంస్థ 2017 వరకు తయారు చేసినది.

భారతదేశమున ఈ విద్య యుద్ధవాహనముల యందు నిలిచినది. శంకరపల్లి కావల నున్న ఎద్దుమైలారమున 1984లో స్థాపింపబడిన ఆయుధ కర్మాగారమున తయారగు శరథ్ వాహనమునకు మెలిపడి విడు ఉక్కు కడ్డీలే ఆధారము. మద్రాసు చెంత ఆవడిలో రూపొందిన అర్జున్ ట్యాంకునకు మాత్రము నూనె-నైట్రోజను పద్ధతియే పెట్టిరి. 2004లో సైన్యమున చేరిన ఆ ట్యాంకు బరువు 58 టన్నులకు పైమాట. ప్రక్కకు ఏడేసి చొప్పున పదునాలుగు చక్రములకు పదునాలుగు వాయుఘటకములు. ఎడారి దిబ్బలపై పరుగిడుచు గురి తప్పక కాల్చవలె నన్నచో, లోనివారిని గాలి మోయవలసినదే.

ఇక రెండవ ప్రశ్న. పాత్ర తేలికగా నేల యుండవలెను? వాహనము బరువును రెండు పద్దులుగా వ్రాయవచ్చును. స్ప్రింగునకు పైనుండు బరువు ఒక పద్దు; చక్రముతోపాటు ఎగిరిపడు బరువు రెండవ పద్దు. ఈ రెండవ పద్దు ఎంత హెచ్చిన అంత కీడు. తేలిక చక్రము రాతిని దాటి వెంటనే నేలను పట్టుకొనును; బరువు చక్రము గాలిలో నిలిచి, మరల నేలను మొత్తును. చక్రము నేలను విడిచిన ఆ క్షణమున బ్రేకుగాని స్టీరింగుగాని పనిచేయవు. పాత్రను చక్రపు చేతిలోనే అమర్చినచో దాని బరువులో కొంత ఈ పద్దులోనే పడును. చట్రముపై అమర్చినను, ఆ బరువు మొదటి పద్దులో చేరి ఇంధనము తినును. విద్యుద్బస్సు ఇప్పటికే బ్యాటరీల భారము మోయుచున్నది. అందు ఒక్కొక్క కిలో తగ్గించుట ప్రయాణపు దూరమును పెంచుటయే. కాపాడవలసిన పాత్రయే భారమై కూర్చుండరాదు.

గట్టిదనము కొరకు ఉక్కును దళసరిగా చేసినచో బరువు పెరుగును. ఈ చిక్కు వంటింట నందరకు తెలిసినదే. 14.2 కిలోల గ్యాసును మోయుటకు సుమారు 15 కిలోల ఉక్కు సిలిండరు కావలసి వచ్చినది! 2021లో ఇండియన్ ఆయిల్ సంస్థ కొన్ని నగరములలో ప్రవేశపెట్టిన ఫైబరు సిలిండరు ఇంచుమించు సగము బరువే. లోపల ప్లాస్టిక్ డబ్బా, దానిపై జిగురులో తడిపి చుట్టిన గాజునార, పైన రక్షణకు మరియొక ప్లాస్టిక్ తొడుగు. తేలికపాటి సంచయపాత్రయును ఇట్టి వంశములోనిదే. అయితే గాజునారకు బదులు కార్బన్ నారను, ప్లాస్టిక్ డబ్బాకు బదులు పలుచని లోహపు డబ్బాను కూడ వాడుదురు. ఘనపు సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగగా, కార్బన్ నార-జిగురు మిశ్రమము సుమారు 1.6 గ్రాములే తూగును. నార పోవు దిశలో లాగినచో దాని బలము మంచి ఉక్కునకు తీసిపోదు.

నార పోవు దిశలో అను మాటయే ఇందలి కీలకము. చేనేతవారు కండె చుట్టినట్లు, తిరుగుచున్న డబ్బాపై యంత్రము నారను చుట్టును. ఏ వాలున చుట్టవలెనో లెక్క చెప్పును. లోన ఒత్తిడి గల గొట్టము నిడివి దిశలోకంటె చుట్టుకొలత దిశలో రెండింతల బలముతో చీలగోరును. ఎండలో నూదిన పొడవాటి బుడగ నిలువునా పగులుట ఇందువలననే. నారలన్నియు ఒకే వాలున నుండవలె నన్నచో, అక్షమునకు సుమారు 55 డిగ్రీల వాలున చుట్టినప్పుడే రెండు దిశలకును సరియగు బలము చేకూరును. కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడుగుటయందును, గరిసెకు తాడు బిగించుటయందును గల వివేకమే ఇచ్చట గణితముగా మారినది.

ఈ చుట్టుడు విద్య హైదరాబాదునకు క్రొత్త కాదు. అచ్చటి అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ అగ్ని క్షిపణుల పై అంచెల కవచములను నారచుట్టుతో తయారు చేసినది. క్షిపణికై పుట్టిన తేలిక పదార్థము మనిషికి ఉపకరించిన వృత్తాంతమును అబ్దుల్ కలాం గారు పలు సభలలో చెప్పెడివారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలలో ఆ పదార్థమును ఎత్తి చూచి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచ్చట చిన్నపిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప పట్టీలను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల పట్టీలు తయారైనవి. పిల్లలు పరుగెత్తిరి, తల్లిదండ్రులు కన్నీరు పెట్టిరి. ఆధారమే భారమైనచో ఏమగునో, ఆ భారము తొలగినచో ఏమగునో తెలుపుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

అయినను గుణము చెప్పి దోషము దాచుట న్యాయము కాదు. నార మిశ్రమము వేడిని ఉక్కువలె త్వరగా బయటకు పంపదు. ఎడతెగని కుదుపులలో లోని వాయువు వేడెక్కి ఒత్తిడి మారును. ప్లాస్టిక్ డబ్బా గుండా వాయువు కొద్దికొద్దిగా వెలికి పోవచ్చును. ఉక్కుపై పడిన దెబ్బ సొట్టగా కనబడును. నారచుట్టుపై పడిన దెబ్బ పైకి కనబడకయే లోన పొరలను విడదీయవచ్చును. అందుచేత వీనికి ఆయుర్దాయము నిర్ణయించి, నియమిత కాలమున పరీక్షింపవలెను. వెల యధికము. కనుకనే ఇవి వెలకు వెనుదీయని చోట్లనే ముందు చేరును. నేలకు దగ్గరగా నుండు పెద్ద నగర బస్సులు నేడు ఎక్కువగా రబ్బరు తిత్తులలోని గాలిపై నడచుచున్నవి. అందు నూనె లేదు, ఒత్తిడియు తక్కువ. బండిని వాయువుచే మోయించుట అను సూత్రము మాత్రము రెంటికి నొక్కటియే.

ఇంతకును ఈ విచారమంతయు ఎవరికొరకు? మనిషి మొండెము సెకనుకు 4 నుండి 8 సార్లు కలుగు నిలువు కుదుపును అన్నిటికంటె తక్కువగా సహింపగలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మంచి వాహనము సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మాత్రమే మెల్లగా ఊగును. అది నడకకు దగ్గరి లయ, తల్లి బిడ్డ నెత్తుకొని నడచు లయ. బండి బిరుసైనచో నష్టపడునది ఇంజను కాదు. ముప్పది యేండ్లు స్టీరింగు పట్టిన డ్రైవరు నడుము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ ఎన్ని ప్రాణములు నిలిపినదో పల్లెలకు తెలియును. అయినను పెక్కు అంబులెన్సులు సరకుల వాను చట్రములపై కట్టినవే; వెనుక చక్రములకు కమాన్ కట్టలే ఆధారము. నొప్పులు పడు తల్లికిని, వెన్ను విరిగిన కూలికిని తండానుండి చేవెళ్ల దాక ఒక్కొక్క గుంటయు ఒక పరీక్షయే. ట్యాంకునకు దక్కిన మెత్తదనము అంబులెన్సునకు దక్కునాడు ఈ విద్య సార్థకమగును. ఆ మేలు దానంతట వచ్చునది కాదు. అడుగువారు కావలెను, చేయువారును కావలెను.

చేయువా రెవరు? ఈ ప్రశ్న షాబాద్ మండలమునకు దూరమైనది కాదు. కర్మాగారము ఊరి ప్రక్కకు వచ్చినప్పుడు ఊరి బిడ్డలు అందు గేటు కాయువారుగాను, మూటలు దింపువారుగాను మాత్రమే ప్రవేశింతురా? నూనె ఒత్తిడి కొలువ నేర్చినవారుగా, నార వాలును గణింప నేర్చినవారుగా ప్రవేశింతురా? భూమి ఒక్కమారే చేతులు మారును. విద్య తరతరములకు కూలి తెచ్చును. స్ప్రేయరులోని గాలిగదిని విప్పి బాగుచేయగల రైతుబిడ్డకు సంచయపాత్ర అందని ఫలము కాదు. చెప్పువారు లేక, చదువుటకు తెలుగున పుస్తకము లేక అది అందనిదిగా కనబడుచున్నది.

కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతోపాటు శాస్త్రములను కూడ తెలుగున ప్రకటించిరి. శాస్త్రము పండితుల సొత్తుగా నుండరాదనియే వారి తపన. ఆ పని సగములో నిలిచినది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున భారత భాగవతముల ప్రక్కన యంత్రశాస్త్రమునకు ఒక అల్మారా ఏర్పడవలెను. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువు బాలురు, బాలికలు సాయంకాలమున వచ్చి, బాయిల్ సూత్రమును తమ యింటి భాషలో చదువుకొనవలెను. విద్యను మోయు పాత్ర భాష. అది బరువైనచో లోని విద్య ఎంత విలువైనదైనను పిల్లవాడు మధ్యలోనే దించివేయును. తేలికయైనచో చివరిదాక మోసికొనిపోవును.

ఈ కార్యమునకు పాలకవర్గమువారు పూనుకొనుటయు, చందాదారులు తలకొక పుస్తక మిచ్చుటయు ఈ రజతోత్సవమునకు తగిన ఫలమగును. గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఈ వేదికపై నిలిచి వాహనవిద్యను బోధించువారు ఈ మండలమున పుట్టి, ఈ బల్లలపై చదువుకొన్నవారే యగుదురు గాక.

స్వస్తి.